ధ్రువపు మంచులో మీథేన్ ఎక్కడిది? విశాఖ నుంచే కూపీ లాగడం ఎలా

విశాఖలో సముద్రం గడ్డకట్టదు. అయినా ధ్రువాల దగ్గర సముద్రపు మంచులో చిక్కుకున్న మీథేన్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చే పనిలో చాలా భాగం ఇక్కడ కూర్చుని చేయొచ్చు. మంచు మీద నిలబడి చేసే పని అందులో కొంతే. మిగతాదంతా మ్యాపులు, లెక్కలు, సీసాలు, ఓపిక. ఏయూలో ఓషనోగ్రఫీయో కెమిస్ట్రీయో చదువుతూ ప్రాజెక్టు కోసం చూస్తున్నవాళ్లను, ఎవరి ద్వారానో ఒక మంచు కోర్ (మంచులోకి నిలువుగా తొలిచి తీసిన కడ్డీ) చేతికొచ్చే అవకాశం ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కోర్ దొరకని వాళ్లు కూడా రెండో మెట్టు, ఏడో మెట్టు ఉచితంగా దొరికే డేటాతో చేసుకోవచ్చు.

నా పద్ధతి ముందే చెప్పేస్తాను. గ్యాసు జోలికి వెళ్లేముందు ఆ మంచు చరిత్ర తీయండి. ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకం) అంకె ఒక్కటి పట్టుకుని "ఇది ఫలానా చోటి మీథేన్" అని తేల్చేసేవాళ్ల మాట నేను నమ్మను. ఎందుకో ఆరో మెట్టులో లెక్కతో సహా చూపిస్తాను.

1. అనుమానితుల పేర్లు రాసుకోండి

మొదటిది గాలి. ఇప్పుడు గాలిలో మీథేన్ 1.9 పీపీఎం దాటింది. ఆ గాలి తగిలే సముద్రపు నీటిలో కొంత కరిగి ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ధ్రువపు నీటిలో లీటరుకు 3.5 నుంచి 4 నానోమోల్, ఆర్కే బీచ్‌లో 28 డిగ్రీల నీటిలో దాదాపు 2. దీన్ని సమతుల్యత అంటారు. ఇంతకు మించి కనిపించినప్పుడే కూపీ లాగాల్సిన అవసరం.

రెండోది అడుగు బురద. సైబీరియా ఉత్తరాన లాప్టేవ్ సముద్రం, తూర్పు సైబీరియా సముద్రం చాలా చోట్ల 50 మీటర్ల లోతు కూడా ఉండవు. మంచుయుగంలో సముద్ర మట్టం దాదాపు 120 మీటర్లు కిందికి ఉన్నప్పుడు అదంతా నేల. ఆ నేల గడ్డకట్టి, తర్వాత సముద్రం కింద మునిగిపోయింది. ఆ బురదలో ఆక్సిజన్ లేని చోట ఆర్కియా అనే సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్ ఒక రకం. ఇంకా లోతున భూగర్భపు వేడికి పుట్టి పగుళ్ల గుండా పైకి వచ్చేది ఇంకో రకం. రెంటినీ వేర్వేరు గళ్లలో రాయండి.

మూడోది నదులు. సైబీరియాలోని లీనా లాంటి పెద్ద నది చిత్తడి నేలల మీథేన్‌ను మోసుకొస్తుంది.

నాలుగోది పైనీరే. మంచు అడుగున పెరిగే నాచు చలినీ ఉప్పునీ తట్టుకోవడానికి డీఎంఎస్‌పీ అనే పదార్థం తయారుచేసుకుంటుంది. దాన్ని బ్యాక్టీరియా విడగొట్టేటప్పుడు మీథేన్ పుట్టే దారి ఉంది. ఫాస్ఫేట్ కరువైన చోట మిథైల్‌ఫాస్ఫోనేట్‌ను విడగొట్టినా పుడుతుందని 2008లో డేవిడ్ కార్ల్ బృందం చూపించింది. ఆక్సిజన్ ఉన్నచోట మీథేన్ పుట్టదని పాఠంలో చదువుకున్నవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు. కానీ 2012లో ప్రచురితమైన విమాన కొలతల్లో 82 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, మంచు పగుళ్ల పైన గాలిలో మీథేన్ ఎక్కువగా కనిపించింది. అక్కడ అడుగు చాలా లోతు. కాబట్టి ఈ నాలుగో పేరు కొట్టేయకండి.

హైడ్రేట్లను (చలికీ ఒత్తిడికీ మంచులాంటి గడ్డలో బిగుసుకున్న గ్యాసు) ఐదో అనుమానితుడిగా రాసేవాళ్లు చాలామంది. నేను రాయను. హైడ్రేట్ అన్నది గ్యాసు నిల్వ ఉన్న తీరును చెబుతుంది, పుట్టిన తీరును చెప్పదు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌నే చూడండి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ వేసిన పదో సైటులో దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర తగిలింది. అందులో గ్యాసు ప్రధానంగా సూక్ష్మజీవులు చేసినదే. ఐసోటోపు దాన్ని "సూక్ష్మజీవులది" అంటుందే తప్ప "హైడ్రేట్‌ది" అని ఎప్పటికీ అనదు.

మీ కోర్ అంటార్కిటికాదైతే ఈ జాబితా బరువు మారుతుంది. అక్కడి ఖండపు షెల్ఫ్ (తీరాన్ని ఆనుకుని సముద్రం కింద ఉండే ఖండపు అంచు) చాలా లోతు, 400–500 మీటర్లు మామూలే. అడుగున లేచిన మీథేన్ పైదాకా రావడం కష్టం, దారిలోనే కరిగి, బ్యాక్టీరియా నోట పడుతుంది. ఇక్కడి నుంచి నేను ఆర్కిటిక్ గురించే మాట్లాడతాను.

2. మంచు పుట్టిన ఊరు కనుక్కోండి

సముద్రపు మంచు ఉన్నచోట ఉండదు. 1893 సెప్టెంబరులో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఫ్రామ్ ఓడను కావాలనే న్యూ సైబీరియన్ దీవుల దగ్గర మంచులో ఇరికించాడు. 1896 ఆగస్టులో అది స్వాల్బార్డ్ వైపు బయటపడింది. మూడేళ్ల పాటు ఓడను మోసిన ఆ ప్రవాహమే ట్రాన్స్‌పోలార్ డ్రిఫ్ట్. అంటే గ్రీన్‌లాండ్‌కూ స్వాల్బార్డ్‌కూ మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధిలో తీసిన కోర్‌లోని మీథేన్ అక్కడి నీటిదే అనుకోవడానికి లేదు, అది సైబీరియాలో ఎక్కిన సరుకు కావచ్చు.

చేయాల్సిన పని ఇది. కోర్ తీసిన తేదీ, అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. ఉపగ్రహాల నుంచి వచ్చే మంచు కదలికల డేటా ఎన్‌ఎస్‌ఐడీసీ, ఓఎస్‌ఐ సాఫ్ సంస్థలు ఉచితంగా ఇస్తాయి. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, ఒక్కో రోజు వెనక్కి జరుపుతూ పోండి: ఈ రోజు ఇక్కడ ఉంటే, నిన్నటి వేగం ప్రకారం నిన్న ఎక్కడ? ఆ బిందువు దగ్గర మంచు 15 శాతం కంటే తక్కువ కప్పిన రోజు రాగానే ఆపేయండి. మంచు పుట్టింది దాదాపు అక్కడే.

ఒక్క బిందువుతో సరిపెట్టకండి. కోర్ చుట్టూ ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇంకొన్ని బిందువులు పెట్టి వాటినీ వెనక్కి నడపండి. అన్నీ ఒకే సముద్రంలో ఆగితే ధైర్యంగా ఉండొచ్చు. సగం లాప్టేవ్‌లో, సగం నడి సముద్రంలో ఆగితే ఆ మాటే రాయాలి. ఎండాకాలంలో మంచు మీద నీళ్లు నిలిచినప్పుడు, తీరాలకు దగ్గర్లో ఈ డేటా బలహీనం. అక్కడ గీత నున్నగా వచ్చిందని మురిసిపోకండి.

కోర్‌ను కళ్లతో కూడా చూడండి. లోపల గోధుమ రంగు బురద చారలుంటే అది లోతు తక్కువ నీటిలో, అడుగు బురద కలిసిపోయి గడ్డకట్టిన మంచు అని గట్టి సాక్ష్యం. కరిగించిన నీటిలో ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన ఐసోటోపు) కొలిపిస్తే నది వాటా కూడా తెలుస్తుంది. సైబీరియా నదుల నీటిలో అది మైనస్ 20 పర్‌మిల్ (ప్రామాణిక నమూనా కంటే వెయ్యికి 20 వంతులు తక్కువ) దరిదాపుల్లో, సముద్రపు నీటిలో సున్నా దరిదాపుల్లో ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు మంచులోకి రెండు, రెండున్నర పర్‌మిల్ బరువు చేరుతుంది, దాన్ని తీసేసి లెక్కేయండి.

3. ఫ్రీజర్లో సముద్రపు మంచు చేసి చూడండి

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు దింపేటప్పుడు ఒకటి పరకాయించి చూడండి. అంచులు గాజులా ఉంటాయి, నడిమధ్యలో పాలరంగు చార ఉంటుంది. బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ నీరు తనలోని గాలిని లోపలికి నెట్టేసిన గుర్తు అది. గడ్డకట్టే నీరు గ్యాసునూ ఉప్పునూ తనలో ఉంచుకోదు. కాకపోతే దిమ్మ మంచినీళ్లది. కోయడం, సంచిలో వేయడం ప్రాక్టీసు చేయడానికి పనికొస్తుంది, ఉప్పు సంగతి దాంతో తెలియదు.

దానికి బీచ్ నీళ్లు కావాలి. మందపాటి థర్మోకోల్ డబ్బాలో పోసి, మూత తీసి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. పక్కలకూ అడుక్కూ థర్మోకోల్ అడ్డు ఉంటుంది కాబట్టి అసలు సముద్రంలో లాగే పైనుంచి కిందికి గడ్డకడుతుంది. నాలుగైదు సెంటీమీటర్లు కట్టాక పలక పైకి తీసి, కారేదంతా కారనిచ్చి, కరిగించి, ఉప్పుదనం చూడండి. రొయ్యల చెరువుల వాళ్లు వాడే రిఫ్రాక్టోమీటర్ చాలు. మొదటి నీటి కంటే బాగా తక్కువ వస్తుంది. డబ్బా అడుగున మిగిలిన నీరు ఇంకా ఉప్పగా మారి ఉంటుంది. ఇంకో పలక చేసి, కొంచెం వేడెక్కనిచ్చి, మీద ఫుడ్ కలర్ చుక్కలు వేస్తే రంగు సన్నటి దారాల్లా లోపలికి దిగుతుంది. అవే ఉప్పునీటి నాళాలు. మీ మీథేన్ కాపురం ఉండేది వాటిలోనే.

ఆ నాళాలు ఎప్పుడు తెరుచుకుంటాయో తెలియకపోతే మిగతా పనంతా వృథా. దీనికి ఒక సులువైన సూత్రం ఉంది: 49.185ను సున్నాకు దిగువ ఉష్ణోగ్రతతో భాగించి, 0.532 కలిపి, మంచు ఉప్పుదనంతో గుణిస్తే ఉప్పునీటి వాటా వెయ్యికి ఎంతో వస్తుంది. ఉప్పుదనం 5 (వెయ్యి గ్రాములకు 5 గ్రాముల ఉప్పు), ఉష్ణోగ్రత మైనస్ 5 అనుకోండి. 9.837కు 0.532 కలిపితే 10.369, దాన్ని 5తో గుణిస్తే 51.8. అంటే 5.2 శాతం. అదే మైనస్ 10 దగ్గర 2.7 శాతమే. 5 శాతం దగ్గర నాళాలు ఒకదానితో ఒకటి కలిసి మంచు కారడం మొదలవుతుందని కెన్నెత్ గోల్డెన్ బృందం 1998లో చూపించింది. ఉప్పుదనం 5, మైనస్ 5 డిగ్రీలు, 5 శాతం కాబట్టి ఐదుల సూత్రం అంటారు. కోర్‌లో ప్రతి పొరకూ ఈ లెక్క వేయండి. ఐదుకు దిగువ ఉన్న పొర మూసి ఉన్న పొర, దానిలోని గ్యాసు పాతది. ఐదుకు పైన ఉంటే కింది నీటితో రాకపోకలు జరిగి ఉండొచ్చు.

4. కోయండి, కరిగించండి, గాలి చొరబడనివ్వకండి

సాధారణంగా 9 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కోర్ తీస్తారు. పైకి లాగిన క్షణం నుంచే అడుగు పొరల్లోని ఉప్పునీరు కారిపోతుంటుంది. పుల్ల ఐసును గట్టిగా పీలిస్తే రంగూ తీపీ వచ్చేసి తెల్లటి ఐసు మిగిలినట్టే ఇదీ. అందుకే మంచు మీదే 10 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, గ్యాసు దాటని సంచుల్లో వేసి, గాలి లాగేసి పంపాలి. మీరు తీయించుకునే కోర్ అయితే ఈ మాట పదే పదే గుర్తుచేయండి. అవతలివాళ్లు విసుక్కున్నా సరే.

గాలి లాగడం ఎందుకంత ముఖ్యమో ఒకసారి లెక్కేద్దాం. 25 డిగ్రీల దగ్గర లీటరు గాలిలో దాదాపు 41 మిల్లీమోల్ గ్యాసు ఉంటుంది. అందులో 1.9 పీపీఎం అంటే 78 నానోమోల్ మీథేన్. సంచిలో 100 మిల్లీలీటర్ల గాలి మిగిలిపోయిందంటే దాదాపు 8 నానోమోల్ మీరే కలిపినట్టు. లీటరు ధ్రువపు సముద్రంలో ఉండేదానికి అది రెట్టింపు!

కరిగించడం చీకట్లో, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో. మన ఊళ్లో మే నెలలో కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుందో మీకు తెలుసు, దానికి ఇన్వర్టర్ లేకపోతే ఈ పని పెట్టుకోకండి. సంచి బయట పట్టే చెమట తుడిచాకే తూకం వేయండి. కరిగిన నీటిని గొట్టం ద్వారా సీరం సీసా అడుగు నుంచి నింపండి, సీసాకు రెండింతల నీరు పొర్లిపోనివ్వండి. బ్యూటైల్ రబ్బరు బిరడా పెట్టేటప్పుడు కాస్త పక్కకు వంచి దించితే కింద బుడగ మిగలదు. పైన అల్యూమినియం మూత నొక్కాక వేళ్లతో తిప్పి చూడండి. తిరిగిందంటే ఆ సీసా లీకే.

బ్యాక్టీరియా పని ఆపడానికి మెర్క్యూరిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తారు. అది విషం. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, మిగిలింది సింకులో పోయకండి, ప్రమాదకర వ్యర్థాల డబ్బాలోనే వేయండి.

ఆ తర్వాత సీసాలోకి శుద్ధ నైట్రోజన్ కొంత ఎక్కించి, గట్టిగా ఊపి, పైకి చేరిన గ్యాసును ఎఫ్‌ఐడీ (మంటతో గ్యాసును పసిగట్టే పరికరం) ఉన్న గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపాలి. ఈ యంత్రం మీ విభాగంలో లేకపోతే ఊళ్లో అడగడానికి చోట్లున్నాయి. లాసన్స్ బే దగ్గరి ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం మన నదీముఖాల్లో మీథేన్ మీద పని చేసింది. గైడ్ ద్వారా ఉత్తరం రాయించి వెళ్లండి.

అసలు కోర్ ముట్టుకునే ముందు చేతివాటం రావాలంటే భీమిలిలో గోస్తని కలిసేచోట ఆటు సమయంలో నీళ్లు పట్టండి, అదే రోజు ఆర్కే బీచ్ నీళ్లూ పట్టండి. రెండూ కొలిస్తే బురద పక్కన నీటికీ బయటి సముద్రానికీ తేడా యంత్రంలో కనబడాలి. కనబడలేదంటే మీ సీసాల్లో లోపం వెతకండి. ఒంటరిగా బురదలో దిగకండి. అన్నట్టు, కాలువల దగ్గర కుళ్లిన గుడ్ల కంపు వస్తే "మీథేన్" అనేవాళ్లుంటారు. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మీథేన్‌కు వాసనే లేదు.

5. వచ్చిన అంకెను ఉప్పుతో కలిపి చదవండి

చాలామంది జారిపడేది ఇక్కడే. మంచు కరిగించి కొలిస్తే లీటరుకు 4 నానోమోల్ వచ్చిందనుకోండి. సముద్రంలోనూ దాదాపు అంతే కదా, ఇందులో విశేషం ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ మంచు ఉప్పుదనం 5, అది పుట్టిన నీటిది 34. మీథేన్ ఉప్పుతో పాటే బయటికి పోయి ఉంటే మంచులో మిగలాల్సింది 34లో 5 వంతులు, అంటే 3.7లో దాదాపు 0.54 మాత్రమే. మీకు వచ్చింది 4. ఏడు రెట్లు పైనే!

అలాగని ఏడు రెట్లూ అడుగు బురద నుంచే వచ్చాయని రాసేయకండి. గ్యాసు బుడగలుగా కూడా చిక్కుకుంటుంది, ఉప్పు అలా చిక్కదు. పైగా కోర్ కారిపోతే ఉప్పు పోయి బుడగలు మిగలొచ్చు. అందుకే ప్రతి పొరకూ మీథేన్, ఉప్పుదనం, ఉప్పునీటి వాటా మూడూ పక్కపక్కన రాయాలి. వరుసగా రెండు మూడు పొరల్లో ఒకే తీరు ఉంటేనే నేను దాన్ని లెక్కలోకి తీసుకుంటాను.

6. ఐసోటోపులను అనుమానంతోనే వినండి

కార్బన్-13 కొలత పర్‌మిల్‌లో వస్తుంది. గాలిలోని మీథేన్ మైనస్ 47 దగ్గర. సూక్ష్మజీవులు చేసినది మైనస్ 50 నుంచి మైనస్ 110 దాకా, సముద్రపు బురదలో మామూలుగా మైనస్ 60కి కింద. భూగర్భపు వేడికి పుట్టినది మైనస్ 20 నుంచి మైనస్ 50 మధ్య. ఇక్కడితో పని అయిపోతే బాగుండేది.

చిక్కేమిటంటే మీథేన్‌ను తినే బ్యాక్టీరియా తేలిక కార్బన్ ఉన్న దాన్ని ముందు తింటుంది. మిగిలింది బరువెక్కుతుంది. బురద నుంచి మైనస్ 60తో బయలుదేరిన మీథేన్‌లో 60 శాతం దారిలో ఖర్చయి, 40 శాతం మిగిలిందనుకుందాం. తేలిక, బరువు రకాలను తినడంలో తేడా గుణకం 15 పర్‌మిల్ అనుకుంటే, 0.4 సహజ లాగరిథమ్ మైనస్ 0.916, దాన్ని 15తో గుణిస్తే దాదాపు 14. మైనస్ 60 కాస్తా మైనస్ 46 అయింది. చూసినవాళ్లు గాలి అంటారు, లేదా భూగర్భ గ్యాసు అంటారు. అసలు దోషి బురద.

దీని నుంచి బయటపడే దారి ఉంది. మీ పొరలన్నిటి అంకెలతో రెండు గ్రాఫులు గీయండి. ఒకదానిలో అడ్డంగా మీథేన్ గాఢత విలోమం (1ని గాఢతతో భాగించినది), నిలువుగా కార్బన్-13. రెండోదానిలో అడ్డంగా గాఢత లాగరిథమ్. మొదటిది సరళరేఖ అయితే రెండు వనరులు కలిసిన సూచన, రేఖ నిలువు గీతను తాకే చోట అదనంగా చేరిన వనరు అంకె దొరుకుతుంది. రెండోది సరళరేఖ అయితే బ్యాక్టీరియా తిన్న సూచన. నాలుగైదు బిందువులతో రెండూ సరళరేఖల్లాగే కనబడి టెన్షన్ పెడతాయి. అలాంటప్పుడు ఇంకో సాక్షిని పిలవాలి.

మొదటి సాక్షి మీథేన్‌లోని డ్యూటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. బ్యాక్టీరియా తింటే కార్బన్ కంటే హైడ్రోజన్ చాలా ఎక్కువగా బరువెక్కుతుంది, కాబట్టి రెండూ కలిపి చూస్తే తిన్న జాడ దొరుకుతుంది. రెండోది ఈథేన్, ప్రొపేన్. మీథేన్‌ను ఆ రెంటి మొత్తంతో భాగిస్తే వెయ్యి దాటితే సూక్ష్మజీవుల వైపు, వందకు లోపైతే భూగర్భం వైపు మొగ్గు. రేడియోకార్బన్ వయసు చెబుతుంది, పాత పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల) కార్బన్‌ను కొత్తదాని నుంచి విడదీస్తుంది. కానీ దానికి కావాల్సినంత మీథేన్ ఒక్క కోర్‌లో ఉండదు. మొదటి ప్రాజెక్టులో ఆ ఆశ వదిలేయండి.

7. పొరకు తేదీ, తేదీకి చోటు

సముద్రపు మంచు కింది నుంచి పెరుగుతుంది. కాబట్టి వయసులో పై పొర పెద్దది, అడుగు పొర చిన్నది. ఒక్కో పొర ఎప్పుడు గడ్డకట్టిందో లెబెదెవ్ సూత్రంతో అంచనా వేయొచ్చు. గాలి ఉష్ణోగ్రత మైనస్ 1.8 కంటే ఎన్ని డిగ్రీలు కిందికి పోయిందో రోజూ కూడుతూ వెళ్లి, ఆ మొత్తాన్ని 0.58 ఘాతానికి పెంచి, 1.33తో గుణిస్తే మందం సెంటీమీటర్లలో వస్తుంది. 1,000 డిగ్రీ-రోజులకు దాదాపు 73 సెంటీమీటర్లు. రెండో మెట్టులో గీసిన దారి వెంట ఆ రోజుల ఉష్ణోగ్రతలు తీసుకుంటే ప్రతి పొరకూ ఒక తేదీ, ఆ తేదీకి మ్యాపులో ఒక చోటు దొరుకుతాయి. ఒక ఎండాకాలం దాటి వచ్చిన పాత మంచుకు ఈ లెక్క కుదరదు. పైన కరిగి, కింద మళ్లీ పెరిగి ఉంటుంది.

ఇప్పుడు అన్నీ ఒకచోట పెట్టండి. మీథేన్ ఎక్కువున్న పొర మూసి ఉండి, లోతు తక్కువ షెల్ఫ్ మీద ఉన్న రోజుల్లో గడ్డకట్టిందా? బురద చారలున్నాయా? అయితే అడుగు బురద వైపు గట్టి మొగ్గు. ఎక్కువున్నది అడుగు పొరే అయి, క్లోరోఫిల్ కూడా అక్కడే ఎక్కువుండి, నాళాలు తెరిచి ఉంటే నాచు వైపో, కోర్ తీసిన రోజు కిందున్న నీటి వైపో చూడాలి. అందుకే కోర్ తీసిన రంధ్రంలోంచే నీటి సీసా ఒకటి తప్పకుండా అడగండి. అది లేకపోతే ఆ ఇద్దరినీ ఎవరూ విడదీయలేరు.

ఫలితం రాసేటప్పుడు ఇలా రాయండి: "20 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య పొరల్లో మీథేన్ ఉప్పుతో పోల్చి చూస్తే చాలా ఎక్కువ. ఆ పొరలు మూసి ఉన్నాయి, వెనక్కి నడిపిన దారులన్నీ లాప్టేవ్ షెల్ఫ్ మీద ఆగాయి, ఈథేన్ దాదాపు లేదు. సూక్ష్మజీవులు చేసిన అడుగు మీథేన్, కొంత తినబడ్డాక చిక్కినదని అంచనా. నది వాటాను కొట్టేయలేదు, ఆక్సిజన్-18 రెండు పొరలకే ఉంది." మిగిలిన పొరల నీటిని పారబోయకుండా చిన్న సీసాల్లో మూత బిగించి ఉంచండి. ఆక్సిజన్-18కి గ్యాసు అక్కర్లేదు, ఆ నీళ్లు చాలు. డబ్బు చేతికొచ్చాక పంపుకోవచ్చు.